వాత్సల్యమా? బంధనమా?
కోతిపిల్లను బిడ్డవలె పెంచుటలోని ధర్మాధర్మ విచారణ

వాత్సల్యము మానవ హృదయమునకు సహజ గుణము. పసికందు ఏడ్పు చెవిని బడినంతనే ఎంతటి కఠినుని మనస్సైనను కరగును. ఈ గుణము కన్నబిడ్డలతో ఆగిపోక లేగదూడపైనను, కుక్కపిల్లపైనను, గూటినుండి జారిన పిచ్చుకపిల్లపైనను ప్రసరించుట మానవుని ఔన్నత్యమునకు నిదర్శనము. అయినను ప్రతి సద్గుణమునకును ఒక ఎల్ల కలదు. దానము అపాత్రునికి చేరినచో దోషమగును. ధైర్యము వివేకమును విడిచినచో దుస్సాహసమగును. మరి వాత్సల్యమునకు గల ఎల్ల యేది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై ఒక చిన్న విషయమును తీసికొనుచున్నాను. కోతిపిల్లను తెచ్చి ఇంట బిడ్డవలె పెంచుకొనుట ధర్మమా, కాదా?

విషయము నవ్వులాటకు తగినదిగా కొందరికి తోచవచ్చును. కోతిచేష్టలు, కోతిమూక అను మాటలు మన నోట నిత్యము ఆడుచుండునవే. కాని మన పట్టణములలో విద్యుత్తు తీగ తగిలియో, వాహనము క్రింద పడియో తల్లికోతి మరణించుటయు, దాని శవమును విడువక పిల్ల కరచుకొని యుండుటయు మనలో పలువురు చూచిన దృశ్యమే. దయగల వాడొకడు ఆ పిల్లను ఇంటికి తెచ్చి పాలు పట్టును. వేరొకచోట సంతానము లేని దంపతులు కోతిపిల్లకు పేరు పెట్టి, ఉయ్యాలలో ఊపి, గౌను తొడిగి కన్నబిడ్డగా భావింతురు. ఉత్తరప్రదేశములో అట్టి దంపతులు తమ ఆస్తి పెంపుడు కోతికే చెందునట్లు ఏర్పాటు చేయ సంకల్పించినట్లు 2015లో పత్రికలలో వార్త వచ్చినది. ఇక నేటి సెల్‌ఫోనులలో డైపరు కట్టుకొని పాలసీసా పట్టుకొనిన కోతిపిల్లల దృశ్యములను చూచి మురిసిపోవువారు లక్షలలో ఉన్నారు.

వీరిలో పెక్కురు క్రూరులు కారు, ప్రేమించువారే. అందువలననే ఈ ప్రశ్న కఠినమైనది. క్రూరత్వమును ఖండించుటకు ఎవరును వెనుదీయరు. ప్రేమను ప్రశ్నించుటకే మనకు నోరు రాదు.

మర్కటకిశోర న్యాయము

మన తెలుగు నేలపై కనబడు కోతులు ముఖ్యముగా రెండు జాతులవి. తలపై వెంట్రుకలు టోపీవలె పరచుకొని, పొడవైన తోక గలది దక్షిణాది జాతి. దీనికి బానెట్ కోతి యని పేరు. వీపు క్రింది భాగము ఎరుపు వన్నె గలిగి, పొట్టి తోకతో నుండునది ఉత్తరాది రీసస్ కోతి. ఈ రెండింటి సంసార పద్ధతియు ఇంచుమించు ఒక్కటే. ఆడకోతి సుమారు ఐదున్నర నెలలు గర్భము మోసి సాధారణముగా ఒక్క పిల్లనే కనును. పుట్టిన క్షణము నుండి ఆ పిల్ల తల్లి పొట్టను నాలుగు చేతులతో కరచుకొని యుండును. తల్లి కొమ్మనుండి కొమ్మకు దుమికినను, గోడలెక్కినను పట్టు వదలదు. మన పండితులు దీనిని చూచియే భగవంతుని భక్తుడు ఎట్లు ఆశ్రయింపవలెనో తెలుపుటకు మర్కటకిశోర న్యాయమును చెప్పిరి. పిల్లిపిల్లను తల్లియే నోట కరచుకొని పోవును. కోతిపిల్ల తానే తల్లిని పట్టుకొనును.

ఈ ఉపమానమును ఒక్కసారి తలక్రిందులుగా చూడుడు. పిల్ల తనంత తాను పట్టు వదలదు, తల్లి తనంత తాను పిల్లను విడువదు. అట్టిచో బజారునకు కోతిపిల్ల ఎట్లు వచ్చినది? తల్లిని వలలో పట్టియో, కొట్టియో, చంపియో దాని పొట్టనుండి పిల్లను ఊడదీసినగాని రాదు. అనగా అమ్మకమునకు వచ్చిన ప్రతి కోతిపిల్ల వెనుకను కనబడని ఒక తల్లి యున్నది. కొనువాడు ఆ తల్లిని చూడలేదు కనుక తనకు పాపము లేదనుకొనును. కాని అతడిచ్చిన రూకలే రేపు మరియొక తల్లికి వల పన్నును.

తల్లి యొక్కతెయే కాదు. కోతులు మందలలో జీవించును. ఆడకోతులు తాము పుట్టిన మందలోనే జీవితాంతము నిలుచును. అందువలన పిల్ల చుట్టును తల్లి, అమ్మమ్మ, పినతల్లులు, అక్కలు ఉందురు. మన పల్లెలలో అరుగుమీద కూర్చొని ఒకరి తల ఒకరు చూచుకొనుచు కష్టసుఖములు చెప్పుకొను స్త్రీలవలె ఇవి గంటల తరబడి ఒండొంటి వెంట్రుకలు పాయలు తీసి శుభ్రము చేసికొనును. ఇది పేలు ఏరుటకే కాదు. స్నేహమును నిలుపుకొనుటకును, తగవులు తీర్చుకొనుటకును ఇదే వాటి భాష. ఎవరికి దారి ఇవ్వవలెను, ఎవరిని చూచి తల వంచవలెను, ఏ కాయ తినదగినది, ఏ కూత ఆపదకు సూచన అను విద్యలన్నియు కోతిపిల్ల ఈ బడిలోనే నేర్చును. మనిషి ఇల్లు ఎంత పెద్దదైనను ఈ బడి అందు లేదు.

హార్లో ప్రయోగములు

తల్లిలేని కోతిపిల్ల ఏమగునో తెలియజేసిన ప్రసిద్ధ ప్రయోగములు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో జరిగినవి. హారీ హార్లో అను మనస్తత్వ శాస్త్రవేత్త 1950 దశకములో రీసస్ పిల్లలను పుట్టిన కొన్ని గంటలకే తల్లులనుండి వేరుచేసి, వాటి యెదుట రెండు బొమ్మతల్లులను ఉంచెను. ఒకటి ఇనుప తీగతో చేసినది, దానికి పాలసీసా అమర్చబడినది. రెండవది మెత్తని గుడ్డ చుట్టినది, దానియందు పాలు లేవు. పిల్లలు ఆకలి తీర్చుకొనుటకు మాత్రమే తీగతల్లి కడకు పోయి, మిగిలిన కాలమంతయు గుడ్డతల్లిని కరచుకొని యుండెను. ఆహారముకంటె స్పర్శయు, ఆశ్రయమును పసిప్రాణికి ప్రధానమని 1958లో హార్లో ప్రకటించినప్పుడు శాస్త్రలోకము విస్మయము చెందినది.

ఈ కథలో ఇంతవరకే చెప్పి ఆపువారు పలువురు. తరువాతి భాగము మన విషయమునకు ముఖ్యమైనది. గుడ్డతల్లిని కౌగిలించుకొని పెరిగిన పిల్లలు సుఖపడలేదు. ఒంటరిగా పెంచబడినవి ముందుకు వెనుకకు ఊగుచు, తమ శరీరమును తామే కౌగిలించుకొనుచు, తమ చేతులను తామే కొరుకుకొనుచు ఉండెడివి. పెద్దవియైన పిమ్మట తోటి కోతులతో మెలగుట వాటికి తెలియలేదు. అట్టి ఆడకోతులు తల్లులైనప్పుడు తమ పిల్లలను పట్టించుకొనలేదు. కొన్ని వాటిని హింసించినవి కూడ. తల్లి ప్రేమ ఎరుగని తల్లి తన బిడ్డకు ప్రేమను ఇవ్వజాలకపోయినది.

ఈ ప్రయోగములు క్రూరమైనవని తరువాతి తరము శాస్త్రజ్ఞులు పలువురు నిరసించిరి. ఆ కాలమున అమెరికా ప్రయోగశాలలకు చేరిన రీసస్ కోతులలో అధిక భాగము మన దేశమునుండి ఎగుమతి యైనవే యనుట మనము మరువరాదు. 1978లో భారత ప్రభుత్వము ఈ ఎగుమతిని నిషేధించినది. ఆ మూగజీవులు బాధ పడి మనకు నేర్పిన పాఠమును మనము విస్మరించుట వాటికి రెండవసారి అన్యాయము చేయుటయే యగును. ఇంటికి తెచ్చిన కోతిపిల్లకు మనము ఎంత మెత్తని ఒడి నిచ్చినను, దాని దృష్టిలో మనము మాటలాడు గుడ్డతల్లులమే.

బిడ్డ పెరుగును, పెంపుడు కోతి పెరుగరాదు

కోతిపిల్లకు పసితనము స్వల్పకాలము. ఏడాది నిండునాటికి ఇంచుమించుగా పాలు మానును. మూడు నాలుగేండ్లకు ఆడది, నాలుగైదేండ్లకు మగది ఈడేరును. అటుపిమ్మట ఇరువది ఏండ్లు, కొన్ని అంతకు మించియు జీవించును. అనగా ముద్దు మురిపెముల కాలము రెండు మూడేండ్లు. మిగిలిన రెండు దశాబ్దములు యౌవనమును, వార్ధక్యమును. మందలోని మగకోతి ఈడేరిన పిమ్మట పుట్టిన మందను విడిచి వేరు మందలో స్థానము సంపాదించుకొనుటకై పోరాడును. గోడల నడుమ నున్న మగకోతికి ఆ మంద ఇంటిలోని మనుష్యులే. ఎవరు పై, ఎవరు క్రింద అను పరీక్ష మొదలగును. నిన్నటిదాక ఒడిలో నిద్రించినది నేడు గృహిణిని కరచును, చంటిపిల్లవానిపై దూకును. అది విశ్వాసఘాతుకము కాదు, దాని వయోధర్మము.

మరియొక చిక్కు భాషది. కోతి పండ్లికిలించినప్పుడు మనము నవ్వుచున్నదని మురియుదుము. నిజమునకు అది పెక్కుసార్లు భయమునకు, లొంగుబాటునకు గుర్తు. మనము ప్రేమతో దాని కన్నులలోనికి తదేకముగా చూతుము. కోతుల భాషలో అట్టి చూపు బెదిరింపు. వేడుక దృశ్యములలో "చూడుడు, ఎంత చక్కగా నవ్వుచున్నదో" యని జనులు మెచ్చుకొను కోతిపిల్లలలో ఎన్నియో ఆ క్షణమున భయముతో వణకుచున్నవే. 2023లో బీబీసీ వార్తాసంస్థ జరిపిన పరిశోధనలో ఇంకను ఘోరమైన సత్యము బయటపడినది. ఇండోనేషియాలో కోతిపిల్లలను చిత్రహింస పెట్టించి, ఆ దృశ్యములను సొమ్ము చెల్లించి చూచు విదేశీయుల ముఠా యొకటి నడచినది. ముద్దు దృశ్యములను చూచువారందరును దీనికి బాధ్యులని నేననను. కాని కోతిపిల్ల చూచువారి వినోదమునకై ఉన్నదను భావము మొదట సమ్మతమైనచో, దాని చివరి మెట్టు ఎచ్చట నుండునో ఊహింపవలెను.

కరచుట మొదలైన పిమ్మట ఏమి జరుగును? గొలుసు వచ్చును, పంజరము వచ్చును, కొన్ని తావుల కోరపండ్లు పెరికించుటయు కలదు. కడకు ఒకనాటి రాత్రి ఊరిచివర విడిచిపెట్టుట. మనుష్యులయెడ భయము లేని, మందలో మెలగ నేర్వని ఆ కోతిని అచ్చటి మంద తరిమికొట్టును. ఊరిలోనికి వచ్చినచో జనులు తరిమికొట్టుదురు. కన్నబిడ్డ పెరిగి తన కాళ్లపై నిలువవలెనని తల్లిదండ్రులు కోరుదురు. పెంపుడు కోతి పెరుగకుండవలెనని యజమాని కోరును. బిడ్డకును, బిడ్డకు బదులుగా తెచ్చుకొనిన ప్రాణికిని గల భేదము ఇచ్చటనే తేటపడుచున్నది.

లూసీ కథ

ఇంతకంటె బుద్ధిగల ప్రాణియైనచో పెంపకము ఫలించునేమో యను ఆశతో కొందరు చింపాంజీలను పెంచి చూచిరి. చింపాంజీ తోకలేని మహావానరము, మనకు మిక్కిలి దగ్గరి చుట్టము. 1931లో కెలాగ్ అను అమెరికా శాస్త్రవేత్త గువా అను చింపాంజీ పిల్లను తన పసికుమారునితో సమానముగా తొమ్మిది నెలలు పెంచెను. చింపాంజీ మాటలు నేర్వలేదు. బాలుడే దాని అరపులను అనుకరింపసాగెను. ప్రయోగము ముగిసి గువాను తిరిగి ప్రయోగశాలకు పంపివేసిరి. 1933లో అది మరణించినది.

లూసీ కథ ఇంతకంటె హృదయవిదారకము. 1964లో పుట్టిన ఈ చింపాంజీని, తల్లికి మత్తుమందు ఇచ్చి, రెండు దినముల ప్రాయమున తీసికొనివచ్చి, ఓక్లహోమాలో మారిస్ టెమర్లిన్ దంపతులు తమ కుమార్తెగా పెంచిరి. అది సైగల భాష నేర్చినది. అతిథులకు తేనీరు కాచి యిచ్చినది. సచిత్ర పత్రికలను త్రిప్పి చూచినది. టెమర్లిన్ 1975లో ఈ పెంపకమును గూర్చి గ్రంథము వ్రాసెను. కాని పదునొకండు, పండ్రెండేండ్ల లూసీ బలము ముందు ఇల్లు నిలువలేదు. 1977లో ఆమెను ఆఫ్రికాలోని గాంబియా దేశమునకు పంపిరి. అడవి ఎట్లుండునో లూసీ ఎరుగదు. చెట్టెక్కి ఆకులు కోసికొని తినుట నీచమని తలచినదో యేమో, మనుష్యుల ఆహారమునకై సైగలు చేయుచు కృశించినది. జానిస్ కార్టర్ అను విద్యార్థిని కొలది వారములకని వెంటవచ్చి, సంవత్సరముల తరబడి ఆ దీవియందే నివసించి, తాను ఆకులు తిని చూపి దానికి అడవి బ్రతుకు నేర్పవలసి వచ్చినది. 1987లో లూసీ అస్థికలు మాత్రము లభించినవి.

2009లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రములో జరిగిన ఘటన వేరొక రకమైనది. పసితనము నుండి ఒక ఇంట బిడ్డవలె పెరిగిన ట్రావిస్ అను చింపాంజీ, తనకు పరిచితురాలైన స్త్రీపై హఠాత్తుగా దాడి చేసి ముఖమును, చేతులను ఛిద్రము చేసినది. పోలీసులు దానిని కాల్చిచంపిరి. దానిని పెంచిన స్త్రీ అంతకు కొన్ని యేండ్ల ముందు ఏకైక పుత్రికను, పిదప భర్తను పోగొట్టుకొనిన దుఃఖిత. ఆమెను నిందింప నాకు నోరు రాదు. కాని ఒకరి దుఃఖమును పూరించు భారము, ఆ దుఃఖమును ఎరుగని ప్రాణిపై మోపుట ఎంత ప్రమాదమో ఈ ఘటన తెలుపుచున్నది.

కుక్కను పెంచలేదా?

"కుక్కను పెంచుట తప్పు కానప్పుడు కోతిని పెంచుట మాత్రము తప్పెట్లగును?" అని విద్యార్థులు అడుగవచ్చును. సమంజసమైన ప్రశ్న. కుక్క పది వేల యేండ్లకు పైగా మానవుని చెంతనే తరతరములుగా పుట్టి పెరిగిన జంతువు. మనిషితో కలసి బ్రతుకుట దాని రక్తములోనే చేరినది. మేక, గొర్రె, ఆవు కూడ ఇట్టివే. కోతి అట్టిది కాదు. దానిని మచ్చిక చేయవచ్చును గాని దాని జాతి పెంపుడు జాతిగా మారలేదు. ఇంటికి వచ్చు ప్రతి కోతిపిల్లయు అడవి ప్రాణిగానే జీవితమును మొదలిడును.

ఆరోగ్య విషయమును గూర్చి రెండు మాటలు. కోతికాటు వలన రేబిస్ సోకవచ్చును. రీసస్ మున్నగు ఆసియా కోతులలో బి వైరసు అనునది తరచుగా నుండును. అది కోతికి అంతగా కీడు చేయదు. మనిషికి సోకుట అరుదే గాని సోకి, సకాలమున చికిత్స జరుగనిచో ప్రాణాంతకము. 1932లో అమెరికాలో కోతి కరచిన ఒక యువ వైద్యుని మరణముతో ఈ వ్యాధి వెల్లడియైనది. కోతి కరచినను, గోరు గీచినను గాయమును సబ్బుతో పారు నీటిలో పదునైదు నిమిషములు కడిగి వెంటనే వైద్యుని కడకు పోవలెను. పసుపు, కారము అద్ది ఊరకుండరాదు. కీడు ఒకవైపుననే లేదు. మన క్షయ, తట్టు కోతులకు సోకును. మనము ముద్దుగా పెట్టు బిస్కత్తులు, మిఠాయిలు, తేనీరు వాటికి మధుమేహమును తెచ్చును. ఎండ సోకని గదిలో సరియైన ఆహారము లేక పెరిగిన పిల్లకు ఎముకలు వంకరలు పోవును.

చట్టము చెప్పునది

మన బాల్యమున వీధిలోనికి డుగ్గుడుగ్గుమని బుడబుక్క మ్రోగించుచు వచ్చు మదారీ వానిని ఎరుగనివారుండరు. కోతి మెడకు త్రాడు, వంటికి రంగుల చొక్కా, చేత కర్ర. అత్తవారింటికి పోయిరమ్మన్నచో పోయివచ్చును, సలాము చేయుమన్నచో చేయును. మనము నవ్వితిమి, పైసలు వేసితిమి. ఆ సలాము ఎన్ని దెబ్బలకు వచ్చినదో అడుగలేదు. కోతి, ఎలుగుబంటి, పులి, చిరుత, సింహములను ఆటలాడించి ప్రదర్శించుటను కేంద్ర ప్రభుత్వము 1998లో నిషేధించినది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును సమర్థించినది. ఆటతో పొట్టపోసికొనిన కుటుంబముల విషయమున సమాజమునకు గల బాధ్యత దీనితో తీరలేదు. వారి పిల్లలకు బడియు, పనియు చూపవలెను. మావంటి కళాశాలలు ఉన్నది అందుకొరకే.

1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము కదలుటకు చాలినంత చోటులేని పంజరమునందు జంతువును ఉంచుటయు, పొట్టి గొలుసుతోనో, బరువైన గొలుసుతోనో అకారణముగా దీర్ఘకాలము కట్టివేయుటయు నేరములు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తన పట్టికలలో చేరిన జంతువులను పట్టుటను, నిర్బంధించుటను నిషేధించుచున్నది. రీసస్ కోతి ఆ పట్టికలలో ఉండెడిది. 2022లో జరిగిన సవరణలో తొలగింపబడినది. దీనిని చూచి కొందరు కోతిని పెంచుకొనవచ్చునని సంబరపడిరి. చట్టము ఒకనాడు ఒక పేరును చేర్చును, ఒకనాడు తీసివేయును. కోతిపిల్లకు తల్లితో గల బంధము మాత్రము ఏ సవరణతోను మారదు.

అనాథ పిల్ల మాటేమి?

మొదట చెప్పిన దృశ్యమునకు తిరిగి వత్తము. తల్లి మరణించినది. పిల్ల ఏడ్చుచున్నది. దానిని విడిచిపోవుట దయాహీనత కాదా? అగును, తప్పక అగును. ఇచ్చట రక్షించుట వేరు, సొంతము చేసికొనుట వేరు అను వివేకము అవసరము.

మొదట కొంత దూరముగా నిలిచి గమనింపవలెను. మందలోని వేరొక ఆడకోతి ఆ పిల్లను చేరదీయుట కలదు. ఎవరును చేరదీయనిచో, లేక గాయపడియుండినచో, మెత్తని గుడ్డలో వెచ్చగా నుంచి అటవీశాఖ వారికిగాని పశువైద్యునికిగాని తెలుపవలెను. నిర్మల్ సమీపమున 2020లో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రము నెలకొల్పబడినది. ఇట్టి తావులలో పిల్లను తోటి కోతులతో కలుపుటకు వీలున్నది. జాప్యము చేసినకొలది, మన ఇంటి రుచి మరిగినకొలది ఆ వీలు తగ్గిపోవును. రెండు దినముల సంరక్షణ దయ, రెండేండ్ల సంరక్షణ నిర్బంధము.

మన సంప్రదాయములు ఈ వివేకమును ఏనాడో నేర్పినవి. భాగవతమునందు భరతుని కథ కలదు. రాజ్యమును తృణప్రాయముగా విడిచి గండకీ తీరమున తపస్సు చేయుచున్న ఆ రాజు, సింహగర్జనకు బెదరి దుమికి మరణించిన తల్లిలేడి యొక్క పిల్లను రక్షించెను. ఆ కార్యము ఉత్తమమైనదే. కాని రక్షణ మమకారముగా మారెను. జపము మరచెను, పూజ మరచెను. కడకు లేడినే తలచుచు ప్రాణము విడిచి లేడియై పుట్టెను. రాజ్యము కట్టివేయలేని వానిని ఒక లేడిపిల్ల కట్టివేసినది. కణ్వమహర్షి కథ దీనికి ఎదురుగా నిలుచును. అడవిలో దొరికిన శకుంతలను కన్నకూతురువలె పెంచి, కాలము వచ్చినప్పుడు కన్నీటితోనే ఆమె చేరవలసిన ఇంటికి పంపెను.

ఇస్లాము బోధయు ఇదే మార్గమున నడచుచున్నది. ప్రయాణమున కొందరు సహచరులు ఒక పిట్ట పిల్లలను రెండింటిని పట్టి తెచ్చిరి. తల్లిపిట్ట రెక్కలు కొట్టుకొనుచు వచ్చినది. ప్రవక్త మహమ్మదు వారు అది చూచి, దాని బిడ్డలను తీసికొని దానిని దుఃఖపెట్టినదెవరని మందలించి, పిల్లలను తిరిగి ఇప్పించినట్లు హదీసు గ్రంథములలో కలదు. భూమిపై సంచరించు ప్రాణులును, రెక్కలతో ఎగురు పక్షులును మనుష్యులవలెనే సముదాయములని ఖురాను బోధించుచున్నది. మందనుండి కోతిని వేరుచేయుట ఒక సముదాయమునుండి దాని సభ్యుని అపహరించుటయే గదా! యతీము పిల్లలను పోషించుట మహాపుణ్యమని చెప్పిన ఆ ధర్మమే, పెంచినంత మాత్రాన బిడ్డ వంశము మారదనియు, అతనిని కన్నతండ్రి పేరుతోనే పిలువవలెననియు, యతీము ఆస్తిని ఈడు వచ్చిన పిదప అతనికి అప్పగింపవలెననియు శాసించినది. సంరక్షకుడు యజమాని కాడు. కోతిపిల్లకు గల ఆస్తి ఏది? దాని అడవి, దాని మంద, దాని కోతితనము. ఈడు వచ్చునాటికి అవి దానికి దక్కవలెను. ఇల్లు వాకిలి వ్రాసియిచ్చినను అవి కోతికి దొరికిన కొబ్బరికాయవంటివే.

ఉపసంహారము

సంతానము లేని దంపతుల బాధను తేలికగా చూచుట నా ఉద్దేశము కాదు. మన సమాజము వారిని, అందును స్త్రీని, శుభకార్యములలో వెనుకకు నెట్టి, సూటిపోటి మాటలతో బాధించుచున్నది. మనుష్యులు ఒడిని ఖాళీ యని హేళన చేసినందుననే ఆ ఒడిలోనికి కోతిపిల్ల వచ్చినది. కనుక ఇందు మన పాలు దోషమును కలదు. అట్టివారిని ఆదరించి, అనాథాశ్రమములలోను, పొరుగు ఇండ్లలోను, బడులలోను ప్రేమకై ఎదురుచూచుచున్న పిల్లల వైపు వారి వాత్సల్యమును మళ్లించుట మన కర్తవ్యము.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఇకమీదట కోతిపిల్లకు గౌను తొడిగిన దృశ్యము మీ సెల్‌ఫోనులో కనబడినప్పుడు దాని తల్లి ఎచ్చట నున్నదో అని ఒక్క క్షణము ఆలోచింపుడు. దానిని మరొకరికి పంపకుడు. బజారున పిల్ల అమ్మకమునకు వచ్చినచో జాలితోనైనను కొనకుడు, అధికారులకు తెలుపుడు. తీగ క్రింద అనాథ పిల్ల దొరికినచో రక్షింపుడు, రక్షించి దాని వారికి అప్పగింపుడు.

వాత్సల్యమునకు ఎల్ల యేదని మొదట ప్రశ్నించితిని. ఎదుటి ప్రాణి పెరిగి, మనలను విడిచి, తన వారిని చేరుటను ఏ ప్రేమ సహింపగలదో అది వాత్సల్యము. సహింపలేక గొలుసు వెదకినది బంధనము. కోతిపిల్ల విషయమున ఈ భేదమును గుర్తించిన వాడు రేపు తన బిడ్డల విషయమునను దీనిని మరువడని నా విశ్వాసము.